పులికాట్ వెళ్లి ఫ్లెమింగోలు చూడకుండా తిరిగి రాకండి

"పోయిన వారం పులికాట్ వెళ్లొచ్చామండీ. ఒక్క ఫ్లెమింగో కూడా కనపడలేదు. అసలు అక్కడ ఉన్నాయా?"

చలి మొదలైన దగ్గర్నుంచి శివరాత్రి దాకా ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. నేను నెల్లూరులో ఉంటాను. ఏటా మూడు నాలుగుసార్లు ఆ సరస్సు దగ్గరికి వెళ్తాను కాబట్టి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ నెలలో వెళ్లారు? ఎన్ని గంటలకు చేరారు? రోడ్డుకు ఏ పక్క చూశారు? జవాబులు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. నవంబరులో వెళ్లారు, తిరుమల దర్శనం చూసుకుని మిట్ట మధ్యాహ్నానికి చేరారు, కారు ఎక్కడా ఆపకుండా షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, గేటు దాకా పోయి వెనక్కి తిరిగారు. పక్షులు లేక కాదు, వాళ్లు వెళ్లిన నెలా వేళా కుదరలేదు, అంతే.

పిల్లల్ని వెంటబెట్టుకుని అంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోతున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. సరస్సు పక్కనున్న సూళ్లూరుపేటలో దిగిన దగ్గర్నుంచి సాయంత్రం తిరిగి హైవే ఎక్కేదాకా, ఒక రోజుకు సరిపడా.

ముందుగా తెలియాల్సింది ఒక్కటే: నీళ్లు

సముద్రాన్ని ఆనుకుని ఉండే ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత మన దేశంలో పెద్దది పులికాట్. పాతవాళ్లు ప్రళయ కావేరి అనేవారు. ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంటుంది. తూర్పున శ్రీహరికోట దీవి, దాని అవతల బంగాళాఖాతం. ఇంత పెద్ద సరస్సయినా చాలాచోట్ల లోతు మీటరుకు అటూ ఇటూ మాత్రమే.

ఫ్లెమింగోకు కావాల్సింది కూడా అదే. అది నీళ్లలో నిలబడి, మెడ కిందికి వంచి, ముక్కును తలకిందులుగా పెట్టి బురదనీటిని వడకట్టుకుని తింటుంది. నీళ్లు దాని కాలి పొడవుకు మించితే అక్కడ ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడి, కాళంగి, స్వర్ణముఖి నదుల నీళ్లు వచ్చి చేరితే సరస్సు నిండుతుంది. అప్పుడు పక్షులు నీళ్లు పల్చగా ఉన్న మూలలకు చెదిరిపోతాయి. సంక్రాంతి దాటాక నీళ్లు తగ్గేకొద్దీ రోడ్డుకు దగ్గరగా గుంపులు కడతాయి. ఎండలు ముదిరితే ఉత్తరపు భాగం చాలావరకు ఎండిపోయి తెల్లటి ఉప్పు పేరుకుంటుంది.

కాబట్టి ఎక్కువమందికి నేను చెప్పే సమయం జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. వానలు సరిగ్గా పడని ఏడాది అయితే డిసెంబరు మధ్యలోనే వెళ్లొచ్చు. తుపాను వచ్చి ముంచెత్తిన ఏడాది అయితే మార్చి మొదటి వారం దాకా ఆగినా ఫర్వాలేదు.

దగ్గర ఉండాల్సినవి

- బైనాక్యులర్. ఇది లేకుండా వెళ్తే దూరంగా తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనపడవు. 8×42 అని రాసి ఉన్నది చాలు. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. 20 రెట్లు, 30 రెట్లు అని చవగ్గా అమ్మేవి కొనకండి, చేతిలో పట్టుకుంటే బొమ్మ వణికి తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. కొనడం ఇష్టం లేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్లండి.
- సొంత బండి, లేదా రోజంతటికీ మాట్లాడుకున్న ఆటోనో కారో. బస్సులో పోతే మధ్యలో ఆపుకునే వీలుండదు, ఇక్కడ ఆపుకోవడమే ముఖ్యం.
- మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టిఫిన్ పొట్లాలు. సరస్సు మీది రోడ్డులో నీడ దొరకదు, హోటళ్లు ఉండవు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు బయల్దేరే ముందే టౌన్‌లో బాత్రూం పని చూసుకోవాలి.
- టోపీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు, మట్టి రంగు బట్టలు. ఎరుపు, తెలుపు, మెరిసే చీరలు ఇంకో రోజుకు ఉంచండి.
- ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు. మీరు వెళ్లేది అంతరిక్ష కేంద్రం దారి, ఆపి అడిగితే చూపించాలి.
- ఒక ఖాళీ సంచి. మీ చెత్త మీతోనే వెనక్కి రావాలి.

డ్రోన్ మాత్రం ఇంట్లోనే పెట్టి రండి. ఒకపక్క పక్షుల అభయారణ్యం, ఇంకోపక్క రాకెట్ కేంద్రం. ఎగరేస్తే పక్షులూ బెదురుతాయి, మీరూ కేసులో ఇరుక్కుంటారు.

1. రోజు ఖాయం చేసుకునే ముందు మూడు విషయాలు చూడండి

మొదటిది, నీటి మట్టం. కోపర్నికస్ బ్రౌజర్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోలు దొరుకుతాయి. దాదాపు ఐదు రోజులకొకసారి కొత్తది వస్తుంది. సూళ్లూరుపేట దగ్గరికి జూమ్ చేసి, సరస్సుకు అడ్డంగా శ్రీహరికోట దాకా పోయే సన్నటి గీత, అంటే షార్ రోడ్డు, వెతకండి. దానికి రెండు పక్కలా ముదురు రంగు పరుచుకుని ఉంటే నీళ్లు నిండుగా ఉన్నట్టు. ముదురు రంగు మధ్య బూడిద రంగు, లేత మట్టి రంగు మచ్చలు కనపడుతున్నాయంటే నీళ్లు తగ్గి బురద తేలుతోందన్న మాట, వెళ్లడానికి అదే మంచి సమయం. అంతా తెల్లగా ఉంటే ఎండిపోయింది. మబ్బులు కూడా తెల్లగానే ఉంటాయి, పొరబడకుండా రెండు మూడు తేదీల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇదంతా మాకెందుకండీ అంటారా, ఈబర్డ్ యాప్‌లో పులికాట్ అని వెతికి, ఈ మధ్య వెళ్లినవాళ్లు ఏం రాశారో చూడండి. లేదా సూళ్లూరుపేటలో మీరు మాట్లాడుకున్న ఆటో అతన్ని ముందురోజు అడగండి. "పక్షులు ఉన్నాయా?" అంటే ఎవరైనా ఉన్నాయనే అంటారు. "రోడ్డు మీద నుంచి బురద కనపడుతోందా?" అని అడిగితే సరైన జవాబు వస్తుంది.

రెండోది, రాకెట్ ప్రయోగం. ఆ రోజు షార్ రోడ్డు మీద రద్దీ, తనిఖీలు ఎక్కువ. పక్షుల కోసమే వెళ్తుంటే ఆ తేదీ వదిలేయండి.

మూడోది, ఫ్లెమింగో ఫెస్టివల్ తేదీలు. ఇది మామూలుగా జనవరిలో జరుగుతుంది, 2025లో జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. స్టాళ్లు, సాంస్కృతిక కార్యక్రమాలు, పిల్లలకు ఆటలు కావాలంటే అప్పుడే వెళ్లండి. పక్షుల్ని తీరిగ్గా చూడాలంటే దాని తర్వాతి వారం, అదీ మంగళవారమో బుధవారమో వెళ్లండి. పండుగ తేదీలు ముందే ఖాయం చేస్తారు, నీళ్లు ఆ తేదీకి తగ్గాలని ఎక్కడా లేదు.

2. రాత్రికే సూళ్లూరుపేట చేరండి

సూళ్లూరుపేట చెన్నై–కోల్‌కతా హైవే మీదే ఉంది. చెన్నై నుంచి ఉత్తరంగా దాదాపు 80 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి దక్షిణంగా దాదాపు 100. చెన్నై నుంచి సబర్బన్ రైళ్లు నేరుగా వస్తాయి. హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు నెల్లూరు లేదా గూడూరులో దిగి అక్కడి నుంచి బస్సు గానీ ప్యాసింజర్ గానీ పట్టుకోవచ్చు.

రాత్రి ఎక్కడైనా లాడ్జిలో పడుకుని తెల్లవారుజామున లేవడమే నేను చెప్పే పద్ధతి. తెల్లారి నెల్లూరులో బయల్దేరితే చేరేసరికి మంచి వెలుతురు పోతుంది. ఉదయం మొదటి రెండు గంటల్లో కనపడేది తర్వాత ఆరు గంటలు తిరిగినా కనపడదు. పొద్దెక్కాక నీళ్ల మీద వేడిగాలి కదిలి, బైనాక్యులర్‌లో పక్షి కూడా నీడలా అల్లల్లాడుతుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా దాన్ని సరిచేయలేదు.

3. ఆరున్నరకల్లా షార్ రోడ్డు మీద ఉండండి

సూళ్లూరుపేట నుంచి షార్ గేటు దాకా దాదాపు 18 కిలోమీటర్లు. టౌన్ దాటాక రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది కాబట్టి నీళ్లు మీకు ఉత్తరాన, దక్షిణాన ఉంటాయి.

చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణపు వాలులోనే నడుస్తాడు. మీరు దక్షిణం వైపు చూస్తే ఎండ కళ్లలో పడుతుంది, పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా కనపడతాయి. ఉత్తరం వైపు చూస్తే వెలుతురు మీ వీపు వెనక నుంచి వెళ్లి పక్షి మీద పడుతుంది, రెక్కల్లోని గులాబీ రంగు అప్పుడు తెలుస్తుంది. పోయేటప్పుడు ఉత్తరం మీ ఎడమ పక్క. వీలైతే పిల్లల్ని ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. "ఫ్లెమింగోలు తెల్లగానే ఉన్నాయి, గులాబీ రంగేం లేదు" అన్నవాళ్లలో చాలామంది మధ్యాహ్నం దక్షిణం వైపు చూసినవాళ్లే.

4. బండి ఆపండి, ఇంజన్ కట్టేయండి, దిగకండి

గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంతో పోతూ ఎడమ పక్క నీళ్ల మీద దూరంగా తెల్లటి గీత ఏదైనా కనపడుతుందేమో చూడండి. గీత కనపడిన చోట, రోడ్డు పక్క వెడల్పుగా, గట్టిగా ఉన్న జాగా చూసుకుని బండి ఆపాలి. షార్ ఉద్యోగుల బస్సులు ఉదయం, సాయంత్రం ఈ దారిలోనే వేగంగా పోతాయి. రోడ్డు మీద సగం, కింద సగం పెట్టి ఆపడం ప్రమాదం. వెనక తలుపు రోడ్డు వైపు తెరవకుండా పిల్లలకు ముందే చెప్పండి.

ఆపిన తర్వాత వెంటనే దిగొద్దు. పక్షులకు కారంటే భయం తక్కువ, నిలబడ్డ మనిషంటే ఎక్కువ. కిటికీ అద్దం దించి, దాని మీద మోచేతులు ఆనించి బైనాక్యులర్ పట్టుకుంటే చేయి వణకదు. ఎడమ నుంచి కుడికి మెల్లగా, నీటి అంచు వెంబడి తిప్పండి. ఒక్కో చోట కనీసం ఇరవై నిమిషాలు ఉండండి. ఇది ఎవరికి చెప్పినా "అంతసేపా?" అంటారు. మొదటి ఐదు నిమిషాల్లో మీకు గుంపు కనపడుతుంది. ఆ తర్వాతే అవి ఏం చేస్తున్నాయో కనపడుతుంది.

పోయిన ఫిబ్రవరిలో మా మేనకోడలితో అలా కూర్చున్నాను. ఒక పక్షి ఉన్నచోటే చుట్టూ తిరుగుతూ రెండు కాళ్లతో బురద తొక్కుతోంది, తల మాత్రం నీళ్లలోంచి తీయట్లేదు. కాళ్లతో బురద కలిపి, అందులోంచి పైకి తేలే సన్నటి పురుగుల్ని ముక్కుతో వడకట్టుకుంటుంది. అది కదిలి పోయాక ఆ చోట నీళ్ల కింద గుండ్రటి గుంట మిగిలింది. పిల్ల దాన్ని చూసి "మామా, పళ్లెం పెట్టినట్టుంది" అంది. నీళ్లు తగ్గిన చోట బురద మీద అలాంటి గుండ్రటి గుర్తులు వరసగా కనపడితే ఫ్లెమింగోలు ఈ మధ్య అక్కడ తిన్నట్టే. చుట్టుపక్కల వెతకండి.

5. చూసింది ఫ్లెమింగోనే అని రూఢి చేసుకోండి

ఇక్కడ ఎక్కువమంది పొరబడతారు. ప్రతి పొడుగు కాళ్ల తెల్ల పక్షీ ఫ్లెమింగో కాదు.

ముక్కు చూడండి. మధ్యలో విరిచినట్టు కిందికి వంగి, కొసన నల్లగా ఉంటే ఫ్లెమింగో. పొడుగ్గా పసుపు రంగులో ఉండి, ఛాతీ మీద నల్ల పట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు ఉంటే అది ఎర్రకాళ్ల కొంగ, పెయింటెడ్ స్టార్క్ అంటారు. గులాబీ రంగు చూసి దీన్నే ఫ్లెమింగో అనుకుని సంతోషంగా ఇంటికెళ్లినవాళ్లు చాలామంది. ముక్కు కొసన గరిటెలా వెడల్పుగా ఉండి, తలను అటూ ఇటూ ఊపుతూ తింటుంటే తెడ్డుమూతి కొంగ. గొంతు కింద సంచి వేలాడుతూ, బరువుగా నీళ్ల మీద తేలుతుంటే గూడబాతు, అదే పెలికాన్.

ఎగిరేటప్పుడు ఇంకా తేలిక. ఫ్లెమింగో మెడా కాళ్లూ రెండూ బారుగా చాచి, కర్రకు రెక్కలు కట్టినట్టు ఎగురుతుంది. రెక్క విప్పితే లోపల ఎరుపు, అంచున నలుపు. మామూలు తెల్ల కొంగలు మెడ ముడుచుకుని ఎగురుతాయి.

మాసినట్టు బూడిద రంగులో ఉన్నవి కనపడితే వేరే జాతి అనుకోకండి, అవి పిల్ల ఫ్లెమింగోలు. గులాబీ రంగు తిండి నుంచి వస్తుంది, అది ఒంటికి పట్టడానికి ఏళ్లు పడుతుంది.

ఎన్ని ఉన్నాయో రాసుకోవాలనుకుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టొద్దు. ముందు పది లెక్కపెట్టి ఆ పది ఎంత చోటు పట్టాయో చూసుకోండి, ఆ కొలతతో గుంపంతా కొలుచుకుంటూ పోండి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి. రెండు లెక్కలకూ బాగా తేడా వస్తే మళ్లీ చేయండి.

6. బురదలోకి దిగకండి

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు.

నీళ్లు తగ్గిన చోట నేల తెల్లగా, బీటలువారి, గట్టిగా కనపడుతుంది. అది పైన ఒక పొర మాత్రమే, కింద జిగురు బురద. కొన్నేళ్ల కిందట మా బావమరిది ఫొటో కోసం రోడ్డు దిగి నలభై అడుగులు పోయాడు. మొదటి ముప్పై అడుగులు సిమెంటులా ఉంది. తర్వాత ఒక కాలు పిక్క దాకా దిగింది, దాన్ని లాగబోతే రెండోది మోకాలి దాకా పోయింది. ఎంత లాగితే అంత కూరుకుపోయాడు. అటుగా పోతున్న చేపల వాళ్లు ఆగి, వెనక్కి వాలి కూర్చోమని చెప్పి, పొడవాటి కర్ర అందించి, పక్కవాటుగా లాగారు. చెప్పులు అక్కడే పోయాయి. అతను ఒక్కడే వచ్చుంటే ఏమయ్యేదోనని ఆ రోజంతా మాకు టెన్షన్ తగ్గలేదు.

కారు గానీ బైకు గానీ అసలే దింపొద్దు. పొరపాటున కాలు దిగితే నిలబడి లాగకండి. ఒళ్లు వెనక్కి వాల్చి, బరువు పరిచి, కాలును మెల్లగా ఆడిస్తూ తీయాలి.

మీరు దిగితే పక్షులకూ నష్టమే. ఫ్లెమింగో ఉన్నచోటే గాల్లోకి లేవలేదు, నీళ్ల మీద కొంత దూరం పరిగెత్తి లేవాలి. రోజుకు పదిమంది బెదరగొడితే తినాల్సిన సమయమంతా పరుగులోనే పోతుంది. మీరు సరైన దూరంలో ఉన్నారో లేదో అవే చెబుతాయి. ఎక్కువ తలలు నీళ్లలో ఉంటే అంతా బాగుంది. తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయంటే కదలకుండా ఉండండి. అన్నీ ఒకే దిక్కుకు నడవడం మొదలుపెట్టాయంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారు, వెనక్కి జరగండి. ఎగిరితే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లు, హారన్ వేసేవాళ్లు కనపడితే దయచేసి ఆపమని చెప్పండి. నేను చెబుతాను, చాలామంది వింటారు కూడా.

7. అటకానితిప్ప దాకా వెళ్లి వెనక్కి తిరగండి

సరస్సులోని దీవుల్ని ఇక్కడ తిప్పలు అంటారు. దారిలో వచ్చే అటకానితిప్ప దగ్గర అటవీశాఖ వాళ్ల కేంద్రం ఉంది. అక్కడ కాసేపు కాళ్లు చాపుకుని టిఫిన్ తినొచ్చు. షార్ గేటు లోపలికి అనుమతి లేకుండా వెళ్లనివ్వరు, కాబట్టి అక్కడి దాకా పోయి ప్రయోజనం లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఉత్తరం మీ కుడి పక్క అవుతుంది. రోడ్డు దాటి చూడాల్సి వస్తుంది కాబట్టి పిల్లల చేయి వదలొద్దు.

తొమ్మిదిన్నర, పది కల్లా టౌన్‌కు వచ్చేయండి.

8. ఎండ వేళ నీడపట్టున గడపండి

కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. రాకెట్ ప్రయోగాల ముందు ఇస్రో పెద్దలు వచ్చి దండం పెట్టుకునే గుడి. 2023 జూలైలో చంద్రయాన్-3కి ముందు అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ కూడా వచ్చారు. దర్శనం చేసుకుని, భోజనం చేసి, గంటసేపు పడుకోండి. చేపల పులుసు దొరికితే వదలొద్దు.

9. మూడింటికి నేలపట్టు

ఫ్లెమింగోలు కనపడని రోజు కూడా నేలపట్టు మిమ్మల్ని నిరాశపరచదు. సూళ్లూరుపేటకు ఉత్తరంగా దాదాపు 20 కిలోమీటర్లు, దొరవారిసత్రం దగ్గర హైవే దిగి లోపలికి వెళ్లాలి. 458 హెక్టార్ల చిన్న అభయారణ్యం, 1976లో ప్రకటించారు. చెరువు నీళ్లలోనే నిలబడి బతికే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా అవే చెట్లు పంచుకుంటాయి.

అక్టోబరు వానలకు చెరువు నిండాక గూళ్లు మొదలవుతాయి. జనవరి, ఫిబ్రవరిలో పిల్లలు పెద్దవై అరుస్తుంటాయి, మార్చి దాటాక వెళ్లిపోవడం మొదలవుతుంది. సాయంత్రం పెద్ద పక్షులు పులికాట్ నుంచి చేపలు గొంతు సంచిలో నింపుకుని వస్తాయి. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి తింటుంది. మొదటిసారి చూసేవాళ్లు తల్లి పిల్లను మింగేస్తోందని కంగారు పడతారు. మూడున్నర నుంచి ఐదు దాకా చెరువు కట్ట మీద గానీ వాచ్ టవర్ మీద గానీ నిశ్శబ్దంగా ఉంటే ఇది తప్పకుండా కనపడుతుంది. గేటు మూసే వేళ ముందే అడిగి పెట్టుకోండి.

ఈ ఊరివాళ్లు తరతరాలుగా ఈ పక్షుల్ని కాపాడుతూ వస్తున్నారు. రెట్టలు పడి చెరువు నీరు ఎరువులా పొలాలకు పనికొస్తుంది, పక్షులు వచ్చిన ఏడాది పంట బాగుంటుందని వాళ్ల నమ్మకం. ఊళ్లోంచి పోయేటప్పుడు పాటలు పెట్టుకుని హారన్లు కొట్టుకుంటూ పోకండి.

గూడు కింద పిల్ల పడి ఉంటే ముట్టుకోవద్దు. అక్కడున్న అటవీశాఖ సిబ్బందికి చెప్పండి, వాళ్లు చూసుకుంటారు.

ఇంకో రోజు ఉంటే

పడవ ఎక్కాలనుకునేవాళ్లు దక్షిణంగా తడ వైపు, భీమునివారిపాలెం వెళ్లండి. ఇరకం దీవి ఆ పక్కే. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకండి, ఉన్నా ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోండి. "లోతు లేదులే" అన్న మాట నమ్మొద్దు. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర విహారానికి వెళ్లిన పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. జాకెట్ బకిల్ పెట్టుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టే, బిగించుకోండి. పిల్లలకు పిల్లల సైజుదే అడగండి.

చరిత్ర ఇష్టమైతే అదే పళవేర్కాడులో డచ్చివాళ్ల పాత సమాధుల తోట ఉంది. రాళ్ల మీద చెక్కిన పుర్రెలు, అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. వరదయ్యపాళెం వైపు కొండల్లో ఉబ్బలమడుగు జలపాతం ఉంది, కానీ వానాకాలంలో ఆ మడుగుల్లోకి దిగి ఈత కొట్టొద్దు. రాళ్లు నాచుపట్టి ఉంటాయి, లోతు పైకి తెలియదు.

రాకెట్ చూడాలంటే అది వేరే ప్రయాణంగా పెట్టుకోండి. శ్రీహరికోటలో 2019లో లాంచ్ వ్యూ గ్యాలరీ తెరిచారు. ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, సీట్లు త్వరగా అయిపోతాయి. ప్రయోగం వాయిదా పడొచ్చు, అందుకే తిరుగు టికెట్ మరుసటి రోజుకు తీసుకోండి. గ్యాలరీలో చోటు దొరక్కపోయినా సరస్సు ఒడ్డున ఆకాశం అంతా తెరిచే ఉంటుంది. 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే ముందు వెలుగు కనపడుతుంది, ముప్పావు నిమిషం తర్వాత గానీ శబ్దం రాదు. శబ్దం రాలేదని కంగారుపడి ఫోన్‌లో రికార్డింగ్ ఆపేయకండి.

ఇంటికి వచ్చాక

ఫొటోలు ఒకసారి జూమ్ చేసి ముక్కులు చూసుకోండి, అయిదో అడుగులో చెప్పినట్టు. తర్వాత ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. తేదీ, టైము, టౌన్ నుంచి ఎన్నో కిలోమీటరు దగ్గర గుంపు కనపడింది, నీళ్లు పక్షి కాలికి ఎంతవరకు ఉన్నాయి. నా దగ్గర అలాంటి కాగితాలు ఒక ఫైలు నిండా ఉన్నాయి. ఎవరు ఫోన్ చేసినా ముందు అది తెరిచి, ఆ ఏడాది వానలు ఎలా పడ్డాయో చూసి, ఆ తర్వాతే తేదీ చెబుతాను.